గంజాయియా, మద్యమా? – పందెమందు పరుగెత్తువారికి ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 6:12, 9:24–27, హెబ్రీయులకు 12:1–2, మత్తయి 27:34.

పాఠము యొక్క ఉద్దేశము: రెండు మత్తులలో ఏది తక్కువ చెరుపు అని తూచుట మానుకొని, నన్ను ఏలుచున్నది ఏది అని అడుగుట నేర్చుకొనుట.



గడచిన సంక్రాంతి దినములలో మా గ్రామమున కబడ్డీ పోటీలు జరిగెను. పోటీలు ముగిసిన మరునాటి సాయంకాలము మా సంఘపు యౌవనస్థుడొకడు వచ్చి మా యింటి అరుగు మీద కూర్చుండెను. చాలసేపు తన మోకాలికి కట్టిన గుడ్డను సవరించుకొనుచు, చివరకు ఇట్లు అడిగెను.

“అయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. మందు కంటే గంజాయి మేలంటున్నారు కదా! అమెరికాలో పెద్ద పెద్ద ఆటగాళ్లే పీలుస్తున్నారంట. అది పీల్చినవాడు ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టడు. మరి దానికేమో జైలు, బ్రాందీ షాపుకేమో లైసెన్సా?”

మేము కోపపడకుండ ఉండవలసినది. కాని కోపపడితిమి. రెండును నరకమునకు దారులే, ఇక ఆ మాట మా యెదుట ఎత్తవద్దు అని చెప్పితిమి. అతడు మారు పలుకక లేచి వెళ్లెను. తరువాత మూడు ఆదివారములు అతడు ఆరాధనకు రాలేదు. ఆ మూడు ఆదివారములును బల్ల యెదుట నిలువబడి మాటలాడుట మాకు కష్టముగా నుండెను. ఏలయనగా అతడు అడిగినది పరిహాసపు ప్రశ్న కాదు; మేము ఇచ్చినది మాత్రము జవాబు కాదు. కావున ఆ ప్రశ్నను మరల చేతబట్టుకొని, తెలియవలసిన సంగతులు తెలిసికొని, వాక్యము నెదుట పెట్టుకొని ఈ పాఠమును వ్రాయుచున్నాము. ఆ యౌవనస్థుని పేరు చెప్పకుండ, అతని అనుమతితోనే వ్రాయుచున్నాము.

1. ప్రశ్నలో ఉన్న సత్యమును ఒప్పుకొందము

సత్యమునకు భయపడువాడు బోధకుడు కాజాలడు. ముందుగా ఆ యౌవనస్థుని మాటలో ఎంత నిజమున్నదో చూతము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2019 సంవత్సరమున మద్యము మూలముగా లోకమంతట 26 లక్షల మంది చనిపోయిరి. 1988 నుండియే మద్యము కాన్సరు కలుగజేయు పదార్థముల మొదటి వర్గములో చేర్చబడియున్నది. ఒకేసారి మిక్కుటముగా త్రాగినవాడు ఊపిరి ఆగి చనిపోవచ్చును. గంజాయి విషయములో ఒకేసారి ఎక్కువ పీల్చినందున అట్లు ప్రాణము పోవుట బహు అరుదు. మద్యమునకు అలవాటుపడిన దేహము హఠాత్తుగా మానినయెడల మూర్ఛలు, మతిభ్రమణము కలిగి మరణము కూడ సంభవింపవచ్చును. గంజాయి మానినవానికి నిద్రలేమి, చిరాకు, ఆకలి మందగించుట కలుగును గాని సాధారణముగా ప్రాణాపాయము లేదు. ఇంటిలో దెబ్బలు, వీధిలో కలహములు, రోడ్డు మీద చావులు వీటిలో మద్యమునకున్న పాలు మన గ్రామములలో ఎవరికి తెలియదు? మద్యము త్రాగువారి సంఖ్య పెద్దది గనుక దాని చావుల సంఖ్యయు పెద్దదే యని చెప్పవచ్చును. అయినను ఆ లెక్క తేలికయైనది కాదు.

అయితే అర్ధసత్యము అబద్ధమునకు దగ్గరి చుట్టము. గంజాయిలో మత్తు కలిగించు ముఖ్యపదార్థమునకు టీ.హెచ్.సీ. అని పేరు. 1964లో ఇశ్రాయేలు దేశములో రఫాయేల్ మెషూలమ్, యెహియేల్ గవోనీ అను శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి గుర్తించిరి. అది మెదడులో జ్ఞాపకమును, కాలమును దూరమును అంచనా వేయు శక్తిని, అవయవముల కదలికను నడిపించు చోట్ల పట్టుకొనును. గుండె వేగమును పెంచును. గంజాయి పొగలోను పొగాకు పొగలోవలె తారును, బొగ్గుపులుసు విషవాయువును ఉన్నవి. అమెరికా దేశమున అధికారులు పట్టుకొన్న గంజాయిలో ఈ పదార్థము 1995లో నూటికి 4 పాళ్లుండగా, 2014 నాటికి నూటికి 12 పాళ్లకు చేరెను. తాతలనాటి చిలుములోని గంజాయియు, నేటి గంజాయియు ఒకటి కావు. వాడినవారిలో ఇంచుమించు పదిమందికి ఒకడు దానికి బానిస యగును. పదునెనిమిది ఏండ్లలోపు మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య ఆరుగురికి ఒకడు. ఇరువదియైదు ఏండ్ల వరకు మనుష్యుని మెదడు ఎదుగుచునే యుండును గనుక చిన్నవయస్సున దీనిని ముట్టినవానికి నష్టము ఎక్కువ. కొందరికి మతి చలించి, లేని స్వరములు వినబడుటయు, అందరిని అనుమానించుటయు కలుగును.

ఇక ఆటగాని దేహము సంగతి. కబడ్డీలో కూతకు వెళ్లినవానికి 30 సెకనులే గడువు. ఆ స్వల్పకాలములో గీత ఎంత దూరమున్నదో, ఏ చేయి తనను పట్టవచ్చుచున్నదో, ఊపిరి ఎంత మిగిలియున్నదో అతడు లెక్క చూచుకొనవలెను. గంజాయి చెడగొట్టునది సరిగా ఆ లెక్కనే. మద్యమో, దేహములోని నీటిని మూత్రముగా వెలుపలికి పంపివేయును, నిద్రను విరుగగొట్టును, ఆటలో నలిగిన కండ మరల కూడుకొనుటను ఆలస్యపరచును. గెలిచిన రాత్రి త్రాగిన ఆటగాడు, పగలంతయు కష్టపడి సంపాదించినదానిని రాత్రి పోగొట్టుకొనుచున్నాడు. ఒకటి తెలివిని, మరియొకటి బలమును తినివేయును. కొంత కొంత రెండింటిని రెండును తినివేయును.

2. ఆటల చట్టము చెప్పునది, చెప్పలేనిది

అమెరికా ఆటగాండ్రు పీల్చుచున్నారు గనుక అది తప్పు కాదేమో అని ఆ యౌవనస్థుని తలంపు. ఆటల చట్టములు ఈ విషయములో నడచిన త్రోవ తెలిసికొనదగినది.

ఒలింపిక్ క్రీడలలో మత్తుమందుల పరీక్షలో దొరికి మొట్టమొదట తొలగింపబడినవాడు ఏ పదార్థము మూలముగా తొలగింపబడెనో చాలమందికి తెలియదు. అది గంజాయి కాదు, మద్యమే! 1968లో మెక్సికో నగరమున జరిగిన క్రీడలలో స్వీడన్ దేశస్థుడైన హాన్స్ గున్నార్ లిల్యెన్‌వాల్ పిస్తోలు కాల్చు పోటీకి ముందు మనస్సు నిబ్బరపడుటకై బీరు త్రాగెను. త్రాగినది రెండు బీరులే యని అతడు చెప్పెను. పరీక్షలో మద్యము బయటపడెను. అతడొక్కడే కాదు, అతని జట్టువారందరును తమకు వచ్చిన కాంస్య పతకమును పోగొట్టుకొనిరి. ఒకని గ్లాసు ముగ్గురి కష్టమును ముంచెను.

ముప్పది యేండ్ల తరువాత, 1998లో జపానులోని నగానోలో జరిగిన శీతకాలపు క్రీడలలో, కెనడా దేశపు రాస్ రెబగ్లియాటి మంచుపలక మీద జారు పోటీలో బంగారు పతకము గెలిచెను. అతని మూత్రములో గంజాయి జాడ కనబడగా పతకమును తీసివేసిరి. ఇతరులు పీల్చిన పొగ మధ్య కూర్చుండుటచేత అట్లు జరిగెనని అతడు చెప్పెను. తుదకు, ఆ పోటీ విషయమై గంజాయిని నిషేధించు నియమము సరిగా ఏర్పడియుండలేదని క్రీడా న్యాయస్థానము తీర్పు చెప్పినందున పతకము తిరిగి అతనికి వచ్చెను. అతడు త్రాగెనా లేదా యనుట గాక, నియమమున్నదా లేదా యనుటయే అక్కడ ప్రశ్న ఆయెను.

తరువాత ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నిషిద్ధ పదార్థముల పట్టికను నిర్వహింపసాగెను. ఆ పట్టికలో గంజాయి పోటీకాలమునకు నిషిద్ధము. 2013లో పరీక్షలో పట్టుబడు పరిమాణమును మూత్రము మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుండి 150 నానోగ్రాములకు పెంచిరి; పోటీ దినములకు దగ్గరగా వాడినవారే దొరకవలెనని వారి ఉద్దేశము. మద్యమైతే విలువిద్య, మోటారు పందెములు, విమాన క్రీడలు, మోటారు పడవల పందెములు ఈ నాలుగింటిలో మాత్రమే నిషిద్ధముగా ఉండి, 2018 జనవరి 1 నుండి పట్టికలోనుండియే తీసివేయబడెను; ఆ భారమును ఆయా క్రీడల సంఘములకు విడిచిరి. 2022లో ఆ సంస్థ గంజాయి సంగతిని మరల విచారించి దానిని పట్టికలోనే ఉంచెను.

అదే కాలమున అమెరికాలోని వృత్తి క్రీడల సంఘములు మరియొక దారిని పోయెను. అక్కడి బేస్‌బాల్ సంఘము 2019 డిసెంబరులో గంజాయిని తన మత్తుమందుల పట్టికనుండి తొలగించెను. ఫుట్‌బాల్ సంఘము 2020లో, కేవలము పరీక్షలో దొరికినందుకు ఆటగాని నిలిపివేయుట మానెను. బాస్కెట్‌బాల్ సంఘము 2023లో ఆ పరీక్షనే విడిచిపెట్టెను.

చూచితిరా! నిన్న పట్టికలో ఉన్నది నేడు లేదు. ఒక దేశమున ఉన్నది మరియొక దేశమున లేదు. చట్టములను మేము తృణీకరించుట లేదు. ఆట న్యాయముగా జరుగుటకు అవి అవసరము. అయితే పట్టికలో పేరు లేనందున మద్యము మంచిది కాలేదు. ఒక సంఘము పరీక్ష మానినందున గంజాయి మంచిది కాలేదు. ఏది శిక్షకు పాత్రమో పట్టిక చెప్పగలదు గాని, ఏది ఆత్మను కట్టివేయునో చెప్పజాలదు.

3. ఒకే మనుష్యుడు, రెండు ఉచ్చులు

ఈ రెండు మత్తులును ఒకే ఆటగాని జీవితములో కనబడిన ఉదాహరణ మనకు కలదు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒలింపిక్ క్రీడలలో 23 బంగారు పతకములతో మొత్తము 28 పతకములు గెలిచెను. అంత గెలిచినవాడు మరియొకడు లేడు.

2004లో ఏథెన్సు నగరమున ఆరు బంగారు పతకములు గెలిచిన కొలది నెలలకే, పందొమ్మిది ఏండ్ల వయస్సున, త్రాగి కారు నడుపుచు పోలీసులకు దొరికెను. 2008లో బీజింగులో ఎనిమిది బంగారు పతకములు గెలిచెను. 2009 ఫిబ్రవరిలో అతడు గంజాయి పీల్చు గొట్టమును నోటియొద్ద పెట్టుకొనియున్న ఛాయాచిత్రమొకటి పత్రికలో పడెను. అతడు క్షమాపణ చెప్పెను. అమెరికా ఈత సంఘము అతనిని మూడు నెలలు పోటీలకు దూరముగా ఉంచెను. ఒక వ్యాపార సంస్థ అతనితో తన ఒడంబడికను కొనసాగింపలేదు. 2014 సెప్టెంబరులో మరల త్రాగి కారు నడిపి పట్టుబడెను. ఈసారి సంఘము ఆరు నెలలు నిలిపివేసెను. 2015 ప్రపంచ పోటీలును అతనికి దక్కలేదు.

లోకము గంజాయి చిత్రమును చూచి ఎక్కువగా గగ్గోలు పెట్టెను. కాని అతనిని నేలకు పడవేసినది అనుమతి గల మద్యమే. ఆ దినములలో తనకు బ్రతుకవలెనను కోరికయే లేకపోయెనని అతడు తరువాత బహిరంగముగా చెప్పెను. ప్రతి ఒలింపిక్ పోటీల తరువాతను తన మనస్సు చీకటిలో పడుచుండెననియు ఒప్పుకొనెను. నీటిలో ఉన్నంతవరకు గురి ఉన్నది. నీరు విడిచి గట్టెక్కినప్పుడు తాను ఎవడో తనకు తెలియలేదు. ఆ ఖాళీని ఒకప్పుడు గ్లాసుతోను, ఒకప్పుడు గొట్టముతోను నింపజూచెను. అట్టి ఖాళీకి ఏది తక్కువ చెరుపు అని తూచి లాభమేమి?

2014లో అతడు చికిత్సాలయమున చేరి 45 దినములు గడిపెను. ఫుట్‌బాల్ ఆటగాడైన రే లూయిస్ తనకిచ్చిన పుస్తకమును, అనగా రిక్ వారెన్ అను బాప్తిస్టు బోధకుడు జీవిత ఉద్దేశమును గూర్చి వ్రాసిన గ్రంథమును, అక్కడ చదివెను. తనకంటె గొప్ప శక్తి యొకటి కలదనియు, ఈ భూమిమీద తనకొక ఉద్దేశము కలదనియు నమ్ముటకు అది తోడ్పడెనని అతడు చెప్పెను. చాలకాలము ఎడమైయున్న తండ్రితో అక్కడనే మరల మాటలు కలిసెను. 2016లో రియో నగరమున అతడు ఐదు బంగారు పతకములు, ఒక వెండి పతకము గెలిచెను. అతని విశ్వాసమును కొలుచుట మన పని కాదు. అయితే అతనిని లేవనెత్తినది శిక్ష మాత్రమే కాదు; ఒక స్నేహితుడు పంపిన పుస్తకము, వైద్యుల సహాయము, తండ్రి కుమారుల సమాధానము కూడ అని గ్రహింపుడి.

4. దుఃఖముతో పరుగెత్తిన యువతి

2021 జూన్ 19న అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున ఒలింపిక్ ఎంపిక పోటీలు జరుగుచుండెను. ఇరువదియొక్క ఏండ్ల షకారీ రిచర్డ్‌సన్ 100 మీటర్ల పందెమును 10.86 సెకనులలో పరుగెత్తి గెలిచెను. పిమ్మట పరీక్షలో గంజాయి బయటపడెను. ఆమెను ఒక నెల నిలిపివేసిరి. ఆ నెల టోక్యోలో మహిళల 100 మీటర్ల పందెమునకు ముందే ముగిసినను, ఎంపిక పోటీలోని గెలుపు రద్దగుటచేత ఆమె స్థానము పోయెను. ఆ రాష్ట్రమున పెద్దవారు గంజాయి వాడుటకు 2015 నుండియే చట్టము అనుమతించుచున్నది. రాజ్యము చేయవచ్చుననెను, ఆట కూడదనెను.

ఆమె ఎందుకు పీల్చెను? తన్ను కన్న తల్లి మరణించెనను వార్తను, పోటీల దినములలో, ఒక విలేఖరి అడిగిన ప్రశ్నలో ఆమె వినెను. ఆ దుఃఖములో అట్లు చేసితినని ఆమె ప్రజలయెదుట చెప్పి, సాకులు వెదకక బాధ్యత వహించెను. ఆమె మరల శ్రమించెను. 2023లో బుడాపెస్టులో జరిగిన ప్రపంచ పోటీలలో 10.65 సెకనులలో పరుగెత్తి బంగారు పతకమును, 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్లలో వెండి పతకమును, నలుగురు కలిసి పరుగెత్తు పందెములో బంగారు పతకమును పొందెను.

ఈ యువతిని గూర్చి తలంచునప్పుడు మేము మత్తయి సువార్త 27వ అధ్యాయము 34వ వచనము తెరచితిమి. సిలువ వేయుటకు ముందు సైనికులు మన ప్రభువునకు ద్రాక్షారసములో చేదు కలిపి ఇచ్చిరి. ఆయన రుచి చూచి, త్రాగనొల్లకపోయెను. నొప్పి తెలియకుండ చేయుటకు అట్టి పానీయము ఇచ్చువారని పండితులు చెప్పుదురు. మనకు నొప్పి కలిగినప్పుడు వైద్యుడు ఇచ్చు మందు పుచ్చుకొనుట పాపమని ఈ వాక్యము బోధించుట లేదు. పౌలు సహితము తిమోతి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను. నేటి ఆటల చట్టములోను నిజమైన రోగికి వైద్యుని ధ్రువీకరణతో మినహాయింపు కలదు. అయితే ప్రభువు మన దుఃఖమును మత్తులో గాక మెలకువతో భరించెను. గనుక దుఃఖములో ఉన్నవాని యొద్దకు సంఘము రాయి పట్టుకొని కాదు, ఆ ప్రభువును పట్టుకొని పోవలెను. ఆ రాత్రి ఆ యువతి ప్రక్కను ఎవరున్నారో మనకు తెలియదు. మన సంఘములో తల్లి చనిపోయిన బిడ్డ ప్రక్కను ఎవరున్నారో మనకు తెలియవలెను.

5. పౌలు చూపిన తూనిక

పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు పందెపు మాటలు ఊరక ఎత్తలేదు. ఆ పట్టణమునకు సమీపమున ఇస్త్మియా అను స్థలమున రెండేండ్లకొకసారి గొప్ప క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి పైన్ చెట్టు కొమ్మలతోను, కొన్ని కాలములలో ఎండిన అడవి కూరమొక్క ఆకులతోను అల్లిన కిరీటమే బహుమానము. ఒలింపియాలో ఆటగాండ్రు పది నెలలు నియమముగా సాధన చేసితిమని ప్రమాణము చేయవలసియుండెను. వాడిపోవు ఆకుల కొరకు వారంత మితముగా నుండగా, వాడిపోని కిరీటము కొరకు మనమెట్లుండవలెనని అపొస్తలుని వాదము. మీ పరిశుద్ధ గ్రంథములు తెరచి 9వ అధ్యాయము 24 నుండి 27 వచనములు నెమ్మదిగా చదువుడి. మితము అన్ని విషయములయందు అని చెప్పుచున్నాడు గాని నిషేధపు పట్టికలోని విషయములయందు మాత్రమే అని చెప్పలేదు.

అదే పత్రిక 6వ అధ్యాయము 12వ వచనమున ఆ యౌవనస్థుని ప్రశ్నకు నేరుగా జవాబున్నది. చేయుటకు స్వాతంత్ర్యము కలదను మాటను పౌలు కాదనడు. దాని ప్రక్కను రెండు ప్రశ్నలు నిలువబెట్టును. ఇది మేలు కలిగించునా? ఇది నాకు యజమానియగునా? చట్టము మొదటిమాట చెప్పి ఆగును. వాక్యము ఈ రెండు ప్రశ్నలు అడుగును. ఈ తూనికలో గంజాయి పెట్టినను, కల్లు పెట్టినను, బ్రాందీ పెట్టినను అదే ప్రశ్న.

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయము మొదటి వచనమున మరియొక సంగతి కలదు. అక్కడ పాపమును, భారమును వేరువేరుగా చెప్పి రెండింటిని విడిచిపెట్టుమనుచున్నాడు. అనగా, ఇది పాపమని రుజువు చేయండి, అప్పుడు మానుదును అని పరుగెత్తువాడు అనడు. పందెములో నిలువబడినవాడు ఐదు శేర్ల రాయి మోయుదునా, పది శేర్ల రాయి మోయుదునా అని ఆలోచింపడు. రెండు రాళ్లును క్రింద పెట్టి పరుగెత్తును. మద్యము పెద్ద రాయి, గంజాయి చిన్న రాయి అని లోకము లెక్క తేల్చవచ్చును. ఆ లెక్కతో వైద్యులకును, ప్రభుత్వములకును పని కలదు. పరుగెత్తువానికి కావలసిన లెక్క వేరు.

6. మన సంఘములకు

మన దేశమున 1985 నాటి మత్తుపదార్థముల చట్టము ప్రకారము గంజాయి పూతను కలిగియుండుటయు, పీల్చుటయు నేరములే. ఒక కిలోగ్రాములోపు దొరికినను ఒక సంవత్సరము వరకు ఖైదు కలుగవచ్చును. 20 కిలోగ్రాములు దాటినయెడల పదేండ్లకు తక్కువ కాని ఖైదు. విశాఖ మన్యములో వేల ఎకరముల గంజాయి తోటలను 2021లో పోలీసులు నరికివేయించిరి. కూలి డబ్బుకు ఆశపడి మూటలు మోసిన పేద బిడ్డలు చెరసాలలలో ఉన్నారు. అమెరికా ఆటగానికి మూడు నెలల విరామముతో పోయిన సంగతి మన పల్లె బిడ్డకు జీవితమంతయు పోవు సంగతి కావచ్చును. అయితే అదే చట్టము 64-ఏ విభాగమున, కొద్దిపాటి మత్తుపదార్థముతో దొరికిన వ్యసనపరుడు తానై చికిత్సకు వచ్చినయెడల అతనిని విచారణనుండి తప్పించు వీలును కలుగజేయుచున్నది. తలిదండ్రులు ఈ సంగతిని ఎరిగియుండవలెను. చికిత్స కొరకు 14446 అను ప్రభుత్వ ఉచిత ఫోను సంఖ్యలో విచారింపవచ్చును. అనేక యేండ్లుగా త్రాగుచున్నవానిని ఒక్క దినమున ఇంటిలో కట్టివేసి మాన్పింపజూడకుడి. వైద్యుని యొద్దకు తీసికొనిపొండి. ప్రార్థన వైద్యునికి పోటీ కాదు.

ఇక పెద్దలమైన మనలను మనము తీర్పు తీర్చుకొందము. గంజాయిని గూర్చి గట్టిగా మాటలాడుదుము. ఏలయనగా అది మన యిండ్లలో లేదనుకొందుము. మద్యమును గూర్చి మెల్లగా మాటలాడుదుము; ఏలయనగా అది మన బంధువుల పెండ్లిలో, పంట అమ్మిన సాయంకాలములో, ఎన్నికల రాత్రులలో ఉన్నది. ఈ తేడాను మన పిల్లలు చూచుచున్నారు. ఆ యౌవనస్థుడు లైసెన్సు మాట ఎత్తినప్పుడు ప్రభుత్వమును మాత్రమే అడుగలేదు, మమ్మునుకూడ అడిగెను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు లేచి సారా మీద పోరాడగా, అది జిల్లా జిల్లాకు వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమో 1997లో సడలింపబడెను. చట్టము వచ్చును, పోవును. ఇంటి పెద్ద మనస్సు మారినప్పుడే ఇల్లు మారును.

ముగింపు

నాలుగవ ఆదివారము సాయంకాలము మేమే ఆ యౌవనస్థుని యింటికి వెళ్లితిమి. అతడు మంచము వాల్చెను. “తమ్ముడూ, ఆ రోజు నీ మాట పూర్తిగా వినలేదు. తప్పు మాది” అని చెప్పితిమి. చాలసేపటికి అతడు నోరు తెరచెను. మోకాలి నొప్పికి కాలేజీ స్నేహితులు రెండుసార్లు పీల్పించిరనెను. తరువాత తల వంచుకొని, “మా నాన్న తాగొచ్చి అమ్మను కొట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నానయ్యగారూ. నేను మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఇదైతే ఎవర్నీ కొట్టం కదా అనుకున్నాను” అనెను.

అతడు తండ్రివలె కాకుండవలెనని ఆ చిలుమును పట్టుకొనెను. ఆ సంగతి తెలియక మేము నరకము మాట చెప్పి పంపివేసితిమి! ఆ సాయంకాలము మేము అతనితో ఒక్క మాట చెప్పితిమి. నాయనవలె కాకుండుట మంచి కోరికే గాని, ఒకనివలె కాకుండ పరుగెత్తువాడు వెనుకకు చూచుచునే పరుగెత్తును. యేసువైపు చూచి పరుగెత్తుమని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. మరునాడు అతని మోకాలిని పట్టణములోని ఎముకల వైద్యునికి చూపించితిమి. ఇప్పుడతడు శనివారపు వాక్యపఠనమునకు వచ్చుచున్నాడు. గంజాయిని పూర్తిగా మానెనా అని మీరడిగినయెడల, ఒకసారి మరల పడెననియు, తానే వచ్చి చెప్పెననియు జవాబిచ్చుచున్నాము. అతని తండ్రి ఇంకను త్రాగుచున్నాడు. ఆ ఇద్దరి కొరకు ప్రార్థింపుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. చట్టము అనుమతించినదై, నాకు యజమానిగా మారినది నా జీవితములో ఏదైనా కలదా? (1 కొరింథీ. 6:12)

2. పాపమునకును, భారమునకును భేదమేమి? మన పరుగునకు అడ్డమైన భారములు రెండు చెప్పుడి. (హెబ్రీ. 12:1)

3. లిల్యెన్‌వాల్ త్రాగుడు మూలముగా జట్టంతయు నష్టపోయెను. ఒకని మత్తువలన ఇంటిలో ఎవరెవరు నష్టపోవుదురు?

4. మన సంఘములో దుఃఖములో ఉన్న యౌవనస్థులు ఎవరు? ఈ వారము వారి యింటికి ఎవరు వెళ్లుదురు?

5. మన పెండ్లి విందులలో మద్యమును గూర్చి సంఘ పెద్దలు ఏమి తీర్మానించుకొందురు?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, పరుగెత్తుటకు మాకు కాళ్లను, చూచుటకు నీ కుమారుని మాకిచ్చితివి. మేము మోయుచున్న రాళ్లను తూచుకొనుచు కాలము గడపకుండ, వాటిని క్రింద పెట్టు ధైర్యమును మాకిమ్ము. పడినవారిని లేపుము. మా పిల్లల ప్రశ్నలను కోపపడకుండ వినుటకు పెద్దలమైన మాకు ఓర్పును అనుగ్రహింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.